మోసేవాడి పేరు

నేను ఒక కాగితాన్ని. ఓడలోకి సరుకు ఎక్కిందని చెప్పే రసీదును. రేవుల్లో నన్ను బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు. విశాఖపట్నంలో ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో ప్రింటరులోంచి వేడివేడిగా బయటికొచ్చాను. నాతోపాటే అచ్చం నాలాంటివాళ్లే ఇంకో ఇద్దరు పుట్టారు. గుమాస్తా పైడిరాజు మా ముగ్గురి మీదా ముద్ర గుద్ది సంతకం చేశాడు.

నా మీద రాసినది తెలిసి నాకే ఒళ్లు జలదరించింది. ఒక కంటైనరు నిండా నర్సాపురం లేసు బల్లగుడ్డలు. నాలుగు వందల మంది ఆడవాళ్లు తొమ్మిది నెలలు కూర్చుని అల్లినవి. నేను ఎవరి చేతిలో ఉంటే అవన్నీ వారివేనట.

కొన్నవాడు ఆంట్వెర్ప్ నగరపు వర్తకుడు. అడిగిన కాగితాలు అడిగిన తీరున, గడువులోగా అందితే డబ్బు ఇస్తామని అతని తరఫున అక్కడి బ్యాంకు మాట ఇచ్చింది. దాన్ని లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటారు. బ్యాంకువాళ్లు సరుకును చూడరు. గుడ్డ తెల్లగా ఉందా, అల్లిక బిగువుగా ఉందా అని అడగరు. కాగితాలనే చూస్తారు. మనుషులు తమ కళ్లకన్నా మమ్మల్ని ఎక్కువ నమ్ముతారని అప్పుడే తెలిసింది.

గడువు ఆఖరి రోజున లేసు సంఘం అధ్యక్షురాలు సువార్తమ్మ మమ్మల్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని విశాఖ బ్యాంకుకు తెచ్చింది. అధికారి జలజాక్షి వేలు పెట్టి నన్ను పైనుంచి చదువుకుంటూ వచ్చింది. ఆ వేలు అడుగున ఆగిపోయింది.

"ఏజెంటు అని సంతకం ఉందండీ. ఎవరికి ఏజెంటో లేదు."

"పైన ఓడ కంపెనీది అంత పెద్ద లంగరు బొమ్మ వేశారు కదమ్మా."

"బొమ్మ బాధ్యత తీసుకోదు కదండీ. మోసుకెళ్లే కంపెనీ ఫలానా అని పేరుండాలి. లేకపోతే అవతలి బ్యాంకు తిప్పి కొట్టేస్తుంది. నాలుగింటికల్లా సరిచేసి తెండి."

సువార్తమ్మ మమ్మల్ని మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఓడ అప్పటికే శ్రీలంక దాటి నడిసముద్రంలో ఉంది. కాగితం చెల్లకపోతే వర్తకుడు సరుకు వద్దనవచ్చు, సగం ధరకు బేరమాడవచ్చు. ఆ నాలుగు వందల మందీ ఈమె మాట మీదే అల్లకానికి కూర్చున్నారు.

ఆటోలో ఏజెంటు ఆఫీసుకు వెళ్లాం. పైడిరాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏటమ్మా ఇది. ముప్పై ఏళ్ల బట్టీ ఇదే ముద్ర. ఎవులూ అడగనేదు."

"శుభలేఖ మీద పెళ్లిళ్ల పేరయ్య పేరేసి పెళ్లికొడుకు పేరు మరిచిపోయారండి పైడిరాజుగారూ. పిల్లనేమో అప్పుడే పంపించేశాం."

పైడిరాజు నవ్వబోయి మానుకున్నాడు. పేరు రాస్తే రేపు సరుకు తడిసినా, పోయినా ఆ కంపెనీయే జవాబు చెప్పాలి. గుమాస్తా సొంతంగా రాయగలిగేది కాదు. ముంబైకి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఇంకెవరినో అడుగుతామన్నారు. మూడు దాటింది. కుర్చీ వేసినా సువార్తమ్మ కూర్చోలేదు.

ఫోన్ మోగింది. ముంబైవాళ్ల మాట విని పెట్టేసి, "సరేనన్నారమ్మా, రాసేత్తన్నాను" అని అతను కలం తీశాడు. మా ముగ్గురి మీదా, సరుకు మోసే కంపెనీ పేరు రాసి, వారి తరఫున ఏజెంటు అని చేర్చి, పక్కన మళ్లీ సంతకం చేసి ముద్ర వేశాడు.

ఆ నాలుగు మాటలు పడగానే నేను వేరే కాగితాన్ని అయిపోయాను. అంతవరకూ సరుకు ఎక్కిందని మాత్రమే చెప్పాను. ఇప్పుడు 'నేను చేరుస్తాను' అని ఒకరు నా నోట పలుకుతున్నారు. నర్సాపురం ఎక్కడుందో తెలియని ఒక కంపెనీ అక్కడి ఆడవాళ్లకు జవాబుదారీ అయింది.

నాలుగుకు పది నిమిషాలుండగా జలజాక్షి మళ్లీ చదివి, "ఇప్పుడు సరిపోయిందండీ" అంది. అప్పుడు సువార్తమ్మ కూర్చుని మంచినీళ్లు అడిగింది.

నేను విమానంలో వెళ్లి ఓడకన్నా ముందే ఆంట్వెర్ప్ చేరాను. అక్కడి బ్యాంకు మాట నిలబెట్టుకుని డబ్బు పంపింది, నన్ను వర్తకుడి చేతికిచ్చింది. ఓడ వచ్చాక వర్తకుడు నన్ను రేవు ఆఫీసులో అప్పగించాడు. ఆ క్షణాన నా తోబుట్టువులిద్దరూ చెల్లని కాగితాలయ్యారు. ముగ్గురిలో ఒకరు పని నెరవేరిస్తే చాలు, అది మా ధర్మం. నా మీదా ఒక ముద్ర పడింది. ఇక నేనూ ఎందుకూ పనికిరాను.

ఫైలులో కుట్టేముందు ఉద్యోగి నన్ను కిటికీ పక్కన పెట్టాడు. బయట క్రేను కదిలింది. ఇల్లంత ఇనప పెట్టె ఒకటి గుట్టలోంచి గాలిలోకి లేచి, ఊగకుండా, మెల్లగా, వర్తకుడి లారీ మీదికి దిగింది. నన్ను చూపించినందుకు.