వంక పెట్టలేని వేషం

సినిమాల్లో బ్రిటిష్ సిపాయి వేషం కట్టినవాడు ఒక్కడూ మా ఆయన మలాకీకి నచ్చి చావలేదు. టీవీ ముందు కూర్చుని వంకలు పెట్టడమే పని. ఒకడి బూట్లు మరీ కొత్తవట, ఇంకొకడు తుపాకీని చీపురుకట్టలా పట్టుకున్నాడట. "నిజం సిపాయి అరవడు. వాడికి ఆ అవసరం ఉండదు," అనేవాడు. మా ఊళ్లో బ్రిటిష్ సైన్యం దిగిన రోజుల్లో, కుర్రతనంలో, ఆయన్ని ఆ సిపాయిలు విచారణ లేకుండా పట్టుకెళ్లి నెలల తరబడి బంధించారు. వాళ్ల మొహం మీదే నవ్వానని చెప్పుకునేవాడు. ఆ కథ విని బెల్‌ఫాస్ట్‌లో మా పేటంతా ఆయనకు బీరు పోయించేది.

అలాంటి ఇంట్లో మా అబ్బాయి ఫియక్రా నటుడయ్యాడు. దొరక్క దొరక్క దొరికిన మొదటి పెద్ద వేషం ఆ సిపాయిదే. ఇరుగుపొరుగు మొహం తిప్పుకున్నా వాడు లెక్కచేయలేదు. నాన్న నోట 'బాగా చేశావు' అనిపించుకుంటే చాలు వాడికి. దాని కోసం ఇంగ్లీషువాళ్ల యాస పట్టుకుని రోజంతా అద్దం ముందు వాగేవాడు. మలాకీ మాత్రం, "నీ మొహానికి సిపాయేంట్రా, ఉత్తరాలు పంచేవాడిలా ఉన్నావు," అని తీసిపారేశాడు.

షూటింగు మా వీధిలోనే పెట్టారు. వెనకటికి సైన్యం వస్తే ఆడవాళ్లం చెత్తడబ్బా మూతలు నేలకేసి బాది వీధినంతా లేపేవాళ్లం. సినిమావాళ్లు అదే చేయమన్నారు. అందులో నటించడానికేముంది? చేతులకే గుర్తుంది. వీధి దద్దరిల్లిపోయింది. అయ్యాక నేను ఇంట్లోకొస్తే మలాకీ వంటింట్లో, వెనక తలుపు వైపు వీపు పెట్టి కప్పులు కడుగుతున్నాడు.

ఆ తలుపులోంచే ఫియక్రా టీ కోసం వచ్చాడు, వేషంతోనే. నాకు కన్నుగీటాడు. నాన్నను ఆటపట్టిద్దామనుకున్నాడు వెధవ. అరవలేదు. తాపీగా, ఆ యాసలో, "గోడవైపు తిరిగి నిలబడు," అన్నాడు.

కప్పు జారి పగిలింది. మలాకీ వెళ్లి రెండు చేతులూ గోడకు ఆనించాడు. ఎవరూ చెప్పకుండానే కాళ్లు ఎడం చేసి, వేళ్లు విడదీశాడు. ప్యాంటు తడిసిపోయింది.

"నేను నాన్నా, నేనే," అని వాడు మా యాసలో బతిమాలాడు. టోపీ తీసి విసిరేశాడు. భుజం మీద చెయ్యి వేస్తే ఆయన ఇంకా గోడకు అతుక్కుపోయాడు. ఎంత చెప్పినా చేతులు దించడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సిపాయిల మీద, ఈ పాడు సినిమా మీద, ఇన్నేళ్లూ నవ్వానని నాతో కూడా అబద్ధమాడిన ఈ మనిషి మీద.

"నీ మాట వినడురా. వాళ్ల గొంతుతో చెప్పు," అన్నాను.

వాడు నా వంక భయంగా చూశాడు. కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఆ యాసలోనే అన్నాడు. "చాలు. చేతులు దించు."

మలాకీ దించాడు. తన వంటింట్లో, గోడవైపే చూస్తూ, "నేను ఇంటికెళ్లొచ్చా సార్?" అని అడిగాడు.