ఒప్పుకోమని చెప్పింది నేనే

మా ఫొలారిన్ దొంగ కాడు. తమ్ముడు పోయాక వాణ్ణి నా చేతులతో పెంచాను, నాకు తెలియదూ? గవర్నరు గారి ఆఫీసులో క్యాషియరుగా చేసేవాడు. బడుల పైకప్పులకని వచ్చిన డబ్బు ఆయన ఎటు పంపమంటే అటు పంపి సంతకం పెట్టాడు. పెట్టనంటే మర్నాడు ఉద్యోగం ఉండదు. పైకప్పులు మాత్రం ఏ బడి మీదకీ ఎక్కలేదు. గవర్నరు ఎన్నికల్లో అవతలి పార్టీ గెలిచింది, ఈయన కుర్చీ దిగాడు, కేసు పడింది. మొదటి ముద్దాయి ఆయన, రెండో ముద్దాయి మావాడు.

మూడేళ్లు తిరిగాం కోర్టుకి. ఒకరోజు నా పెండలం పిండి కొట్టుకి అబేని వచ్చింది. గవర్నరు పార్టీలో ఆడవాళ్లందరికీ పెద్ద. తలగుడ్డ ఎంత ఎత్తు కట్టిందంటే లోపలికి వంగి రావాల్సొచ్చింది.

"అక్కా, రాజీ కుదిరింది. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తారు. జైలు లేదు, జరిమానాతో ఇంటికి. జరిమానా పార్టీ చూసుకుంటుంది. ముందు మీవాడు, పదిహేను రోజులకి మా గవర్నరు గారు."

"మావాడు చేయలేదు కదే?"

"గవర్నరంతటివాడే తల వంచుతుంటే, మీవాడికి మెడ పట్టేసిందా?"

నవ్వొచ్చింది నాకు. ఆలోచిస్తే సబబుగానే తోచింది కూడా. మా ఇళ్లల్లో పెద్దవాళ్లకి కోపమొస్తే చిన్నవాడు నేల మీద బోర్లా పడుకుని "తప్పు నాదే" అంటాడు. పెద్దాయన భుజం పట్టి లేపుతాడు. అంతే, అయిపోయింది. నిజంగా చేశాడా లేదా అని ఎవరూ అడగరు. ఫొలారిన్‌కి తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల బాబాయి రేడియో ఎవరో పగలగొడితే వీడే పడుకున్నాడు. బాబాయి లేపి, తన పళ్లెంలోంచి మేకమాంసం ముక్క తీసి వీడికి పెట్టాడు. కోర్టూ అలాంటిదే అనుకున్నాను. జడ్జి మాత్రం ఎవరికో ఒకరికి బాబాయి కాడా అనుకున్నాను.

ఫొలారిన్‌కి చెబితే తల అడ్డంగా ఊపాడు.

"అత్తా, బాబాయి కాగితం మీద రాసుకోలేదు. వీళ్లు రాసుకుంటారు."

"రాసుకోనీరా. ఇంటికొచ్చేస్తావుగా. మీ ఆవిడ మొహం ఎలా పీక్కుపోయిందో చూశావా?"

"చేయనిది చేశానని ఎలా అంటాను?"

"నా మాట విని నువ్వెప్పుడైనా చెడిపోయావా?"

"లేదత్తా" అన్నాడు.

కోర్టులో జడ్జి అడిగాడు. వాడు వెనక్కి తిరిగి, అబేని వెంటేసుకొచ్చిన అంతమంది ఆడవాళ్లలో నన్ను వెతుక్కుని చూశాడు. నేను తల ఊపాను.

"చేశాను" అన్నాడు.

ఎవరూ భుజం పట్టలేదు. గుమాస్తా రాసుకున్నాడు. జరిమానా కట్టారు, అదే రోజు ఇంటికొచ్చాడు. పెండలం పిండితో అమలా ముద్ద వండి పెట్టాను, రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. నేనెంత తెలివైనదాన్నో అని ఆ పూట మురిసిపోయాను.

పదిహేను రోజులు తిరగకుండానే గవర్నరు గారు ఎన్నికల్లో గెలిచిన ఆ అవతలి పార్టీలోకే మారిపోయాడు. ఆయన వాయిదాకి ఆయన లాయరు లేచి, "మా క్లయింటుకేమీ తెలియదు. చేసినవాడు ఇదే కోర్టులో ఒప్పుకున్నాడు, కాగితం ఉంది" అన్నాడు. ప్రభుత్వ లాయరు బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మీద కేసు ఎత్తేశారు. ఆదివారం చర్చిలో డప్పులతో కృతజ్ఞతల ప్రార్థన. అందరూ ఒకే రకం కట్టుకు రావాలని అబేని నాకూ బట్ట పంపింది. తిప్పి పంపాను. నా చేతనైంది అంతే.

ఫొలారిన్‌కి మళ్లీ ఎవరూ లెక్కల పని ఇవ్వలేదు. పెరట్లో కోళ్లు పెంచుకుంటున్నాడు.

మొన్నటేడు వాడి కూతురు మొరేనికేని చూడ్డానికి అబ్బాయి తరఫువాళ్లు వచ్చారు. సంబంధం కలిసేముందు వంశం గురించి అడగడం మామూలే. అబ్బాయి పెదనాన్న మెత్తటి మనిషి. కోర్టు సంగతి ఆయనే ఎత్తాడు.

"వాడు చేయలేదండీ" అన్నాను.

"చేయనివాడు చేశానని ఎందుకంటాడమ్మా?"

"నేను చెప్పాను కాబట్టి."

"ఇంటివాడి కోసం పెద్దవాళ్లు ఇలాగే అంటారు. మా ఇంట్లోనైతే నేనూ అనేవాణ్ణి" అని నవ్వాడు. నేను రేడియో దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మర్యాదగా విన్నారు, పళ్లెంలో పెట్టింది తిన్నారు, వెళ్లారు. మళ్లీ కబురు రాలేదు.

వాళ్లు వెళ్లిన సాయంత్రమే ఫొలారిన్ పెరట్లోంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అత్తా, ఇకమీదట నా గురించి ఎవరికీ చెప్పకు. నువ్వు చెప్పేకొద్దీ అబద్ధంలా వినిపిస్తోంది."

మామూలు గొంతుతోనే అన్నాడు. మొరేనికే పళ్లేలు తీస్తోంది, మా ఇద్దరి వైపూ చూడలేదు.

"సరే నాయనా" అన్నాను. వాడి ముందు మాత్రం ఆ మాట నిలబెట్టుకుంటున్నాను.