తేలిక బాటకు కెప్టెన్

శ్రీశైలం అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు పాఠాలు చెబుతాడు. నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నప్పటి నుంచి అతనికి ఒకటే యావ: చిక్కడపల్లి ఆఫ్‌రోడ్ క్లబ్బుకు కెప్టెన్ కావాలి. అందుకే, కొత్తగా బండ్లు కొన్నవాళ్లు చెయ్యి తిరగడానికి, తన అక్క రత్నమాల సర్పంచుగా ఉన్న ఊరి బండ్లబాట చూపించాడు. నాలుగు గుంతలు, ఒక వాగు, కాస్త బురద. ఊరివాళ్లు తరతరాలుగా తిట్టుకుంటూ నడిచిన బాట అది. క్లబ్బువాళ్లు ఆదివారం పూట టిఫిన్లు కట్టుకుని వెళ్లి, ఆహా ఓహో అంటూ దాటి, తేలిక బాటేనని ఊళ్లో చెప్పి వచ్చారు.

ఇంతలో ఆ బాటకు సిమెంటు రోడ్డు మంజూరైంది.

నారాయణగూడ ఇరానీ హోటల్లో క్లబ్బంతా చావింటి మొహాలతో కూర్చుంది. "మీ అక్కగారితో చెప్పి ఆ రోడ్డు ఆపించండి శ్రీశైలం గారూ. ఇక కెప్టెన్ మీరే," అన్నాడు అధ్యక్షుడు పవన్‌కుమార్.

శ్రీశైలం అక్కడికక్కడే ఫోన్ కలిపి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు.

"రోడ్డు ఆపాల్నా? ఎందుకు తమ్మీ?"

"మావోళ్లు గుంతలల్ల నడుపుడు నేర్చుకుంటున్నరక్కా. సాపు రోడ్డు మీద ఏమొస్తది?"

"అయ్యో, చదువు ఆగొద్దు మరి. సరే, ఆపుత. కానీ రోడ్డు పడేదాక మా పాలక్యాన్లు, ఇస్కూలు పిల్లలు, పొలాలకు పెంట ఎరువు, అన్నీ మీ బండ్లల్లనే పోవాలె. రోజూ. తేలిక బాటేనంటిరి గద?"

సభ్యులకు ఒక్కసారిగా చాయ్ కాలుతోందని గుర్తొచ్చింది. తలలు వంచి ఊదుకోసాగారు. ఒకాయనకు నల్లకుంటలో పని పడింది. ఇంకొకాయన సీట్ల కవర్లు మొన్ననే వేయించానన్నాడు.

"ఏంది తమ్మీ, సప్పుడు లేదు? ఎవలొస్తున్నరు?"

పవన్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "మా కెప్టెన్ గారే వస్తారమ్మా! ముందు నడిచేవాడే కదండీ కెప్టెన్!"

అందరూ చప్పట్లు కొట్టారు. కోరుకున్న పదవి కోరుకున్నవాళ్ల చేతుల మీదుగానే దక్కాక శ్రీశైలం కాదనేదేముంది?

"సల్లగుండు తమ్మీ," అంది అక్క. "కోతలయ్యేదాక రానని కాంట్రాక్టరే చెప్పిండు. నేను ఆపేదేమున్నది? అప్పటిదాక ఎట్ల ఎల్లదీయాల్నా అని పరేషానయితున్న. రేపు కోడి కూయంగనే రా. మొదలు పెంట ఎత్తుదాం."