వట్టి చెయ్యి

పోసవ్వ చెయ్యి మంచిదని ఊరంతా అనేది. బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో, నారుమడి దున్ని చదును చేశాక మొదటి పిడికెడు మొలకవడ్లు చల్లిపొమ్మని ఇరుగుపొరుగువాళ్ళు కూడా ఆమెను పిలుచుకుపోయేవారు. పదిహేనేళ్ళుగా ఆ మర్యాద ఆమెదే. గొంతు కూడా దేవుడిచ్చిన గొంతు. నాట్లలో ఆమె పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళు నడుంనొప్పి మరిచిపోయి వెనక అందుకునేవారు. అప్పటికప్పుడు పాట కట్టడం కూడా ఆమెకు వచ్చు.

నిజాంసాగర్ కాలువ పారడం మొదలైన నాలుగో ఏడు, సరిగ్గా నారు పోసే రోజుల్లో, ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. నానబెట్టి సంచిలో కట్టిన వడ్లు మొలకెత్తాయి, ఇక ఆగవు. అత్త కాసేపు చూసి, గంప తెచ్చి చిన్నకోడలు సత్యమ్మ చేతిలో పెట్టింది. సత్యమ్మ పోసవ్వ మరిది పండరి భార్య. జుక్కల్ పిల్ల, మాటలో అక్కడక్కడ మరాఠీ దొర్లుతుంది. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు.

పది రోజులకు పోసవ్వ గోడ పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. అత్త పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"జూస్తివా పోసవ్వా, నారు దుప్పటి పరిశినట్టు లేశింది. మా సత్తెమ్మది చల్లని చెయ్యే!"

ముసలామె ఏ కల్మషమూ లేకుండా అన్న మాట అది. పోసవ్వకు మాత్రం జ్వరం మళ్ళీ తిరగబెట్టినట్టయింది. ఇన్నేళ్ళలో తనను ఒక్కసారైనా 'మా పోసవ్వ' అన్నదా? గంజి తాగుతున్నా ఆ మాటే, పడుకున్నా ఆ మాటే. సత్యమ్మ కషాయం తెచ్చి ఇస్తే, ఆ చేతి వంక చూసి మొహం గోడకు తిప్పుకుంది.

మరుసటి ఏడు పోసవ్వ నిక్షేపంగా ఉన్నా, అత్త అలవాటుగా మొలకలగంప సత్యమ్మకే ఇచ్చింది. ఈసారి వడ్లు చల్లిన రాత్రే కుండపోతగా వాన. కాలువ పొర్లి రెండు రోజులు నారుమడిలో నీళ్ళు నిలిచాయి. మూడోనాడు తెల్లవారగానే పోసవ్వే పార పట్టుకుని వెళ్ళి, గట్టుకు గండి కొట్టి నీళ్ళు తీసింది. అయినా సగం మడి కుళ్ళిపోయింది.

ఎందుకు కుళ్ళిందో పోసవ్వకు తెలుసు. చేతులకు ఇంకా బురద ఉంది. కానీ మిగిలిన నారుతో నాట్లు వేస్తున్న నాడు, ఎవరో పాట ఎత్తుకొమ్మంటే, ఆమె నోట ఇలా వచ్చింది:

"సేతికి గాజులు నిండుగనే ఓ వదినా,
సేతిల వడ్లే మొలువవాయె ఓ వదినా,
నిండిన గాదెను తాకితెనే ఓ వదినా,
వట్టి సెయ్యది, వట్టి సెయ్యది ఓ వదినా."

పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పనీ లేకపోయింది. ఆడవాళ్ళు నవ్వుతూ అందుకున్నారు. ఆ వరసలోనే ఉన్న సత్యమ్మ వంచిన నడుం ఎత్తలేదు. ఆమె నాటిన మొక్కలు మాత్రం వంకరపోయాయి. పోసవ్వ అది చూసింది, గొంతు ఇంకా పెంచింది.

మంచి పాట ఊరు దాటదు గానీ ఎత్తిపొడుపు పాటకు కాళ్ళు మొలుస్తాయి. వారంలో వర్ని దాకా పొలాల్లో అదే పాట. ఊళ్ళోవాళ్ళు సత్యమ్మకు పిల్లలు లేకపోవడాన్నీ దానికి ముడివేశారు. పోసవ్వకూ విచిత్రంగా ఎటు చూసినా అదే కనిపించసాగింది. పెరుగు తోడుకోకపోతే సత్యమ్మ కడవ ముట్టింది. బర్రె పాలు తగ్గితే సత్యమ్మ కొట్టంలోకి పోయింది. పెరుగు తోడుకున్న రోజులు, పాలు నిండుగా వచ్చిన రోజులు ఆమె కంటికి ఆనేవే కావు.

"ఊకె వట్టి సెయ్యి వట్టి సెయ్యి అంటున్నవ్, నీ నోటికి ఇంకో మాటనే లేదా?" అన్నాడొకనాడు భర్త ముత్తెన్న విసుగ్గా.

"ఉన్నదే అంటున్న. నాకేం పిచ్చి లేసిందా లేనిది అననీకి?"

ఆమె అబద్ధమాడటం లేదు. అప్పటికి నిజంగానే నమ్మింది.

ఎండాకాలంలో పాలివాళ్ళింట్లో పెళ్ళి. ముత్తైదువలు పసుపు దంచుతున్నారు. సత్యమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి రోకలి మీద చెయ్యి వేయబోయింది. పెళ్ళివారి ముసలామె నవ్వుతూనే, "నువ్వు గక్కడ కూసో బిడ్డా, అలిసిపోతవ్" అన్నది. సత్యమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. వెళ్ళి గోడ వారగా కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. పోసవ్వ దూరం నుంచి చూసింది. కోరుకున్నది కళ్ళముందే జరిగింది కదా, సంబరపడాలి. ఆ పూట పెళ్ళిభోజనం మాత్రం ఆమెకు సయించలేదు.

మళ్ళీ వానలు పడ్డాయి. నానిన వడ్ల సంచి బరువుగా ఉంది. పోసవ్వ ఒక కొస పట్టుకుని యారాలిని పిలిచింది. "సత్తెమ్మా, జర ఇటు పట్టు."

సత్యమ్మ వెనక్కి అడుగేసింది. "వద్దక్కా. దేవీబాయిని పిలుస్త."

"గింత దానికి ఆమెనెందుకే?"

"నేను తాకితే మొలవ్వు గదక్కా." కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. 'బయట వానొస్తుంది' అన్నంత మామూలుగా అన్నది. "లేగదూడను గుడ నేను ముడ్తలేను. దానికేమన్న అయితదని భయం."

పోసవ్వ చేతిలో సంచి కొస అలాగే ఉండిపోయింది.

తండా నుంచి వాళ్ళ పొలం పనికి వచ్చే దేవీబాయి సంచి మోసుకుంటూ వెంట నడిచింది. దారిలో పోసవ్వ తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నది: "ఏం జేస్త మరి. గా ఏడు ఆమె సల్లిన నారు సగం పోయింది గద."

దేవీబాయి ఆగిపోయింది. "అదేందక్కా? గప్పుడు కాలువ పొర్లి రెండు దినాలు నీళ్ళు నిలవడలే? నువ్వే గద పార వట్టుకొచ్చి గండి కొట్టింది. నేను తట్టలతోని మన్ను ఎత్తిపోయలే?"

పోసవ్వకు ఒక్కసారిగా ఏదీ గుర్తు రాలేదు. కాదనబోయింది కూడా. తర్వాత మెల్లమెల్లగా పొద్దుటి చలి, మోకాలిలోతు నీళ్ళు, వేళ్ళసందుల్లో బురద, తేలి వచ్చిన తెల్లటి మొలకలు ఒక్కొక్కటీ పైకి వచ్చాయి. తను కళ్ళారా చూసిందే. తను కట్టిన మాట దాన్ని మింగేసింది. ఎవరినో నమ్మించాలని అన్న మాటకు అందరికంటే ముందు లొంగింది తనే.

నారుమడి దగ్గర అత్త, పక్క పొలాల ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. గంప పోసవ్వకే ఇచ్చారు. ఆమె తీసుకుని, వెనుదిరిగి ఇంటికి వెళ్ళి, సత్యమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"అందరు ఇనుండ్రి," అన్నది. పాటకు లేచే ఆ గొంతు ఇప్పుడు లేవలేదు. "గా ఏడు నీళ్ళు నిలిచి నారు మురిగింది. గండి కొట్టింది నేను. నాకు ఎర్కే. ఎర్కుండే పాట కట్టిన. అత్త దీన్ని మెచ్చుకుంటే ఓర్వలేకపోయిన."

అత్త తల తిప్పుకుంది. సత్యమ్మ గంప వంకే చూస్తూ అన్నది:

"పాట నువ్వు కట్టినవక్కా. నేను రోజు పాడుకున్న. మా ఆయన ఇంకో పిల్లను చేసుకున్నా నేనేమనద్దు అనుకున్న."

పోసవ్వ కాళ్ళు బురదలో ఇంకా కొంచెం దిగినట్టయింది. క్షమించమని అడగడం ఆమెకు రాలేదు. "సల్లవే," అన్నది. "మొలిస్తె మొలుస్తయ్, లేకుంటె నేను మల్ల నానవెడ్త."

సత్యమ్మ గంపలో చెయ్యి పెట్టింది. మొదటి పిడికెడు గింజలు ఒక్కచోటే కుప్పగా పడ్డాయి. రెండోది కాస్త నయం. నాలుగో పిడికిలికి చెయ్యి విసురు పాతదే వచ్చింది.

పాట మాత్రం చావలేదు. అవతలి ఊళ్ళ పొలాల్లో పాడుతూనే ఉన్నారు. విన్నప్పుడల్లా పోసవ్వ గట్టు దాటి వెళ్ళి, "గది అబద్ధం పాట. నేను కట్టిందే" అని చెప్పి వచ్చేది. కొందరు మానేవారు, కొందరు నవ్వేవారు. సత్యమ్మ ఆమెతో మునుపటిలా కలవడానికి చాలా నెలలు పట్టింది.

కోతలనాడు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి వర్నిలో స్థిరపడిన రాధాకుమారి అనే రైతు ఇల్లాలు గట్టు మీద ఆగి వరిని చేత్తో నిమిరింది. "ఎంత ఒత్తుగా ఉందండీ! నారు పోసిందెవరు, మీరేనా?"

పోసవ్వకు నాలుక చివరిదాకా 'అవును' వచ్చింది. కడుపులో ఆ పాత మంట ఎక్కడికీ పోలేదు, ఉండాల్సిన చోటే ఉంది.

"మా సత్తెమ్మ," అన్నది. "ఆగుండ్రి, పిలుస్త."