నీళ్ళకు లేచిన చోట

నా బావమరిది పిల్లల రచయిత కావాలని నిశ్చయించుకున్నాడు. నలభై ఆరేళ్ళ వయసులో, మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళి, సర్టిఫికెట్ తెచ్చుకుని మరీ నిశ్చయించుకున్నాడు. నీలో నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపు అని అక్కడ చెప్పారట. అతనిలోని పిల్లవాడు ఏనాడు నిద్రపోయాడని లేపడానికి?

ఇంట్లో అందరూ అతన్ని శ్రీకారం అంటారు. ఆ పేరు పెట్టింది నా భార్యే, అంటే అతని అక్క. ఫొటోలు తీయడం, తేనెటీగల పెంపకం, వేణువు, అన్నిటికీ శ్రీకారం చుట్టాడు. దేన్నీ ఒడ్డు చేర్చలేదు. ఈసారి స్ఫూర్తి కోసం ఊగే కుర్చీ, ఆకుపచ్చ సిరా కలం కొన్నాడు. పార్కులో పిల్లల్ని చూస్తూ వారం రోజులు కూర్చున్నాడు. ఎనిమిదో రోజు కాపలాదారు వచ్చి, "మీ పిల్లలేరండీ?" అని అడిగాడు. దాంతో స్ఫూర్తి అక్కణ్ణుంచి లేచి మా ఇంటికి వచ్చింది.

నా భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. పంతొమ్మిదేళ్ళు రెండో తరగతికి పాఠాలు చెప్పింది. నేను అదే బడిలో పెద్ద తరగతులకు లెక్కలు చెబుతాను. పిల్లలకు చెప్పడానికి ఆమె రాసుకున్న తలుపు కథ నోట్‌బుక్కు బావమరిది అడిగితే ఇచ్చాను. రెండు రోజుల తర్వాత దాన్ని తిరిగి తెచ్చాడు. దానితోపాటు శుభ్రంగా టైపు చేయించిన కాగితాలూ తెచ్చాడు. పైన రచయితగా అతని పేరు. కింద చిన్న అక్షరాల్లో, 'స్ఫూర్తి: మా అక్క'.

"అక్క సగమే రాసింది బావా. పూర్తి చేసింది నేను."

"నువ్వా? పూర్తి చేశావా?"

"వెక్కిరించకు. ముందు కాస్త ప్రకృతి వర్ణన, చివర ఓ నీతి. అవి లేకపోతే పిల్లల పుస్తకం ఎవరేస్తారు చెప్పు. నీకు అభ్యంతరం లేదని ఇక్కడో సంతకం పడేస్తే, సోమవారం అచ్చుకిచ్చేస్తా." నోట్‌బుక్కు తిరగేసి అడిగాడు. "ఇంతకీ ఈ అంచుల్లో చుక్కలేంటి?"

కథ చెప్పేటప్పుడు పిల్లలెవరైనా నీళ్ళకని లేస్తే ఆమె కాదనేది కాదు. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకునేది. దాహమైతే ఎక్కడైనా లేస్తారు, విసుగైతే అందరూ ఒకేచోట లేస్తారు అనేది. రెండు చుక్కలు పడిన వాక్యాన్ని మర్నాడు కొట్టేసేది. అలా ఇరవై పేజీల కథ ఆరు పేజీలైంది.

అది చెప్పి, "ఆమె తరగతిలోనే చదువు. నీ వాక్యాల దగ్గర ఎవరూ లేవకపోతే సంతకం పెడతాను" అన్నాను.

"ఓస్, ఇంతేనా."

ఆ తరగతి ఇప్పుడు నాకే అప్పగించారు. నా హయాంలో ఆ పిల్లలు తాగినన్ని నీళ్ళు ఇంకెప్పుడూ తాగి ఉండరు.

అతను రంగుల టోపీ పెట్టుకుని వచ్చాడు. కుర్చీ ఉండగా బల్ల ఎక్కి కూర్చుని, "హాయ్ బుజ్జి నేస్తాలూ" అన్నాడు. ఇదేమైనా శిక్షా అన్నట్టు పిల్లలు నా వైపు చూశారు.

'పసిడి కిరణాల పలకరింపుతో ప్రకృతి మాత పులకించిన వేళ' అని మొదలుపెట్టాడు.

"సార్, నీళ్ళు."

"సార్, నేను కూడా."

ప్రకృతి మాత పులకరింతలు ముగిసేలోగా నలుగురు వెళ్ళారు.

'ఒక తలుపు ఉండేది. దానికి ఏది లోపలో, ఏది బయటో తెలియదు.'

ముందు బెంచీలో కాళ్ళూపుతున్న పిల్ల ఊపడం ఆపింది. తలుపు చీమను అడిగింది. చక్కెర ఉన్న వైపే లోపల అంది చీమ. పిల్లిని అడిగింది. నేను లేని వైపే లోపల, అందుకే అరుస్తుంటాను అంది పిల్లి. పిల్లలు నవ్వారు. నీళ్ళకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, తడి మూతులతో గుమ్మంలోనే నిలబడిపోయారు. నా భార్య గొంతు వినిపించిందని అనను. వాక్యాలు మాత్రం ఆమెవి.

'ఇల్లు పడగొట్టారు. తలుపును వడ్రంగి కొట్లో గోడకు ఆనించారు. ఇప్పుడు దానికి రెండు వైపులా ఒకటే.'

ఆమె రాసింది అంతవరకే. బావమరిది ఊపిరైనా తీసుకోకుండా ముందుకు సాగాడు. 'అప్పుడు తలుపుకు బుద్ధి వచ్చింది. పెద్దల మాట వినని వారికి ఇదే గతి అని తెలుసుకుంది.'

బెంచీలకు బెంచీలే లేచాయి. పదకొండు మంది. ముందు బెంచీ పిల్ల మాత్రం కదల్లేదు.

"అంకుల్, తలుపుకి బుద్ధెందుకు? అదేం చేసింది?"

"కథలో నీతి ఉండాలమ్మా."

"ఎవరికి?"

అతను సాయానికి నా వైపు చూశాడు. నేను విడి కాగితం మీద చుక్కలు పెట్టుకుంటున్నాను.

వరండాలో టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఈ కాలం పిల్లలకి ఏకాగ్రత లేదు బావా" అన్నాడు.

"అవును. నీ వాక్యాల దగ్గరే లేదు."

సంతకం లేని కాగితాలు పట్టుకుని, ఇక పాటలు ప్రయత్నిస్తానంటూ వెళ్ళిపోయాడు. నేను తరగతిలోకి తిరిగి వచ్చాను. గెలిచినవాడిలాగే వచ్చాను.

"తలుపు ఏమైంది సార్?" అంది ముందు బెంచీ పిల్ల. "టీచర్ మీకు చెప్పే ఉంటారుగా."

నోట్‌బుక్కు తెరిచే ఉంది. ఆ చివరి వాక్యం పక్కన ఒకే ఒక్క చుక్క. అది ఆమె మంచం పట్టాక రాసిన వాక్యం. ఇవాళ్టిదాకా ఈ పిల్లలెవరూ వినలేదు. నాకొక్కడికే చదివి వినిపించింది. నా మనసంతా దిద్దాల్సిన పరీక్ష పేపర్ల మీద ఉంది. రెండు వైపులా ఒకటే అన్న మాట దగ్గర, "ఒక్క నిమిషం, నీళ్ళు తాగొస్తా" అని లేచాను. వంటింట్లోంచి తిన్నగా పేపర్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళేసరికి ఆమె నోట్‌బుక్కు మూసేసింది. తర్వాతేమైందని నేను అడగలేదు.

అలాంటివాణ్ణి, ఇంకొకరికి పరీక్ష పెట్టాను.

"చెప్పబోయిందమ్మా. నేనే వినలేదు."

"పోనీ మీరు చెప్పండి."

నాకు కథలు రావు. ఆ మాట అనడానికే నోరు తెరిచాను. "ఆ వడ్రంగి కొట్లో..." అని వచ్చింది. "తలుపు పక్కన ఒక కిటికీ కూడా ఉంది. దానికి..."

వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

వెళ్ళమన్నాను. చుక్క పెట్టుకున్నాను. ముందు బెంచీ పిల్ల కూర్చునే ఉంది.

"దానికి?" అంది.