ఫెయిలవుతుందన్న పిల్ల

పరీక్ష ఇంకా రాయనే లేదు, ప్రియాంక ఫెయిలవుతుందని కాలేజీ కంప్యూటర్ తేల్చేసింది. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఎవరు వెనకబడతారో ముందే కనిపెట్టి కాపాడతారట. కాపాడితే మంచిదే, ఎవరు కాదన్నారు? అది చూసిన లెక్కలివీ: పదో తరగతి దాకా తెలుగు మీడియం, హాస్టల్లో ఉండకుండా జహీరాబాద్ నుంచి రోజూ బస్సు, మొదటి టెస్టులో అత్తెసరు మార్కులు. పైగా ఇంట్లో ముచ్చట్లకు ఎంతసేపు పోతుందని కాలేజీవాళ్లు అడిగితే, ఈ పిచ్చిపిల్ల ఉన్నదున్నట్టు సాయంత్రమంతా అని చెప్పింది.

కాలేజీ మేడం ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే ప్రియాంక తండ్రి, అల్లం వ్యాపారి రాజశేఖర్ హడలిపోయాడు. కూతురికి ముచ్చట్లంటే ఇంకెవరితో, తన తల్లి బస్వమ్మతోనే. మర్నాడే ఆమెను ఝరాసంగంలో తన చెల్లెలింటికి పంపేశాడు. "పరీక్షలయ్యేదాంక జర ఓపిక పట్టు అవ్వా. నీ ముచ్చట్లకు పోరి ఫెయిలయితదంటున్నరు."

ఆ ముచ్చట్లేమిటో ఎవరైనా అడిగితే కదా! కందికాయలు ఒలుస్తూ ప్రియాంక ఆనాటి పాఠం చెప్పేది, ముసలావిడ ప్రతిదానికీ అడ్డుపడేది. "నెత్తురు పైకెట్ల ఎక్కుతదే? మోటరున్నదా?" ఆమెను ఒప్పించేసరికి పాఠం తలకెక్కేది. అదే తన చదువని ప్రియాంకకే తెలియలేదు.

ఇప్పుడు ఇల్లంతా గప్‌చుప్. తల్లి పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోతుంది. ప్రియాంక ఒక పేజీ చదువుతుంది, లేస్తుంది, నీళ్లు తాగుతుంది, మళ్లీ అదే పేజీ. రెండో టెస్టులో మార్కులు ఇంకా పడిపోయాయి. ముందే చెప్పామన్నది మేడం. నిజంగానే నా బుర్ర ఇంతేనేమోనని ప్రియాంకకు ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది పెద్ద పరీక్షే. ఆదివారం ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి ఝరాసంగం పోయింది. నాయనమ్మ పక్కన కూర్చుని కాలేయం పాఠం మొదలుపెట్టింది. బస్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊఁ అనదు, ఆఁ అనదు.

మేనత్త లోపలి నుంచి వచ్చింది. "నువ్వు పాసయ్యేదాంక నోరు తెరువనని సంగమేశ్వరునికి మొక్కుకున్నది బిడ్డా. నాతోని గూడ మాట్లాడ్తలేదు."

ప్రియాంక నాయనమ్మ చేతులు పట్టుకుంది. "నువ్వు అడుగకుంటే నాకేం గుర్తుంటలేదు. నిజంగనే ఫెయిలైత."

బస్వమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మనవరాలిని చూసింది, గుడి వైపు చూసింది. కొంగు తీసేసింది.

"దేవునికి నేను సర్దిచెప్పుకుంట. నువ్వు చెప్పు."

ప్రియాంక తండ్రికి ఫోన్ చేసింది. "డాడీ, నాయనమ్మను తోలుకొస్తున్న."

"మరి కంప్యూటర్..."

"ఎంతసేపు మాట్లాడ్తవని అడిగిన్రు డాడీ. ఏం మాట్లాడ్తవని ఎవ్వరడుగలే. నువ్వు గూడ అడుగలే."

"అవ్వకు ఫోనియ్యి" అన్నాడు రాజశేఖర్.

బస్వమ్మ ఫోన్ చెవికి పెట్టుకుంది. కొడుకు ఏమన్నాడో ప్రియాంకకు వినపడలేదు.

"ఏడ్వకురా. బండి తీస్కొని రా" అన్నది బస్వమ్మ.