కుట్టు దాటని దడ

పొయ్యి వెలిగించే ముందు నేను వంటగదిలో నిలబడి కాసేపు కాళ్ళు ఆడిస్తాను. ఉన్నచోటే నడుస్తాను, మడమలు ఎత్తి దించుతాను, చేతులు గుండ్రంగా తిప్పుతాను. "మొదలైంది డ్రిల్లు" అంటారు మావారు హాల్లోంచి, పేపరు దించకుండానే. మా అత్తయ్యకైతే నవ్వాగదు. "టీ నీళ్ళు పెట్టడానికి కూడా కసరత్తు చేసే కోడలు మా ఇంట్లోనే ఉంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. నేనూ నవ్వేస్తాను. ఒకసారి కసరత్తు లేకుండానే మేడమీద ఆరేసిన బట్టల కోసం పరిగెత్తి, మెట్ల మధ్యలో కళ్ళు తిరిగి కూలబడ్డాను. "నిదానంగా వెళ్ళొచ్చుగా" అన్నారు ఇద్దరూ. చినుకులు పడుతున్నాయి పరిగెత్తమని కేకలేసింది మాత్రం వాళ్ళే.

సంగతేమిటంటే, నా గుండె నాది కాదు. నాది సాగి వదులైపోయింది. రెండడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం. చివరికి దాన్ని తీసేసి, రోడ్డు ప్రమాదంలో పోయిన ఎవరో అమ్మాయి గుండెను పెట్టారు. ఆపరేషన్ చేసిన పెద్దాయన గురించి మా అమ్మాయి "గుండెలు తీసిన బంటు అంటే ఈయనేనమ్మా" అని నన్ను నవ్వించబోయి తనే ఏడ్చేసింది. అత్తయ్య మాత్రం ఒక్కటే అంది. "ఎవరిదో ఏమో. మన మాట వింటుందో వినదో."

వినదనే తేలింది. ఆస్పత్రిలో వ్యాయామం నేర్పించిన ఆవిడ నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. "మామూలు మనిషికి మెదడు నుంచి గుండెకు నరాలుంటాయమ్మా. కొన్ని కళ్ళెంలాంటివి, కొన్ని కొరడాలాంటివి. లేచి నడిస్తే కొరడా తగులుతుంది, కూర్చుంటే కళ్ళెం లాగుతుంది. మీకు రక్తనాళాలు కుట్టారు గానీ ఆ నరాలు కుట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని మీ గుండె తన కరెంటు తనే పుట్టించుకుని, తన వేగాన తను కొట్టుకుంటుంది. మీరు పరిగెత్తినా, భయపడినా ఆ కబురు రక్తంలో కలిసి మెల్లగా దానికి చేరాల్సిందే. ఫోను లేని ఊరికి ఉత్తరం వేసినట్టన్నమాట. అందుకే ఏ పనికైనా ముందు కాళ్ళాడించండి. ఉత్తరం ముందే పోస్టు చేయండి." ఇంట్లోవాళ్ళకు చెప్పమంది. చెప్పాను. "నీ ఒళ్ళు నువ్వు చూసుకో" అన్నారు మావారు. నిజమే, ఎవరొళ్ళు వాళ్ళే చూసుకోవాలి. అయితే ఆయన ఒళ్ళు, అత్తయ్య ఒళ్ళు ఎవరు చూసుకుంటున్నారో ఆయనెప్పుడూ అడగలేదు.

నేను ప్రెస్సులో బైండింగు విభాగంలో పనిచేస్తాను. ఆపరేషన్ తర్వాత నన్ను కూర్చుని చేసే పనిలోకి మార్చి, ఆ దయను సూపర్‌వైజరు వారానికోసారి గుర్తుచేస్తుంటాడు. ఒకరోజు పుస్తకంలో ఫారాలు, అంటే మడిచిన పేజీల కట్టలు, తారుమారయ్యాయని అందరి ముందూ అరిచాడు. తప్పు నాది కాదు. నోరు ఎండిపోయింది, గుండె మాత్రం ఉలకలేదు పలకలేదు. అతను వెళ్ళిపోయి, తప్పెవరిదో తేలి, నేను డబ్బా విప్పి అన్నం కలుపుకుంటుంటే అప్పుడు మొదలైంది దడ. పక్కనున్నామె కంగారుపడితే ఏం చెప్పను, ఇందాకటి తిట్టు ఇప్పుడు అందిందని చెప్పనా?

తిట్టు ఆలస్యమైతే పోయేదేముంది. సంతోషం కూడా ఆలస్యమయింది, అదే తట్టుకోలేకపోయాను. మా అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం. చాలా నెలల తర్వాత చెప్పకుండా వచ్చి వెనకనుంచి వాటేసుకుంది. నేనిటు తిరగ్గానే చిన్నప్పటి అలవాటు కొద్దీ నా ఎదమీద చెవి పెట్టింది. కాసేపు విని తలెత్తి, "అమ్మా, నేనొచ్చానని దీనికి ఇంకా తెలియలేదే" అంది. వేళాకోళానికే అంది పిచ్చిపిల్ల. నేను నవ్వి, కూర మాడుతోందని లోపలికి వెళ్ళి, పొయ్యి ఆపి, గోడకు ఆనుకుని ఏడ్చాను. మన భాషలో గుండె ఝల్లుమంటుంది, గుభేలుమంటుంది, చెరువవుతుంది. నాది ఏదీ చేయడం లేదు. అద్దెకొచ్చిన మనిషిలా తన పని తను చూసుకుంటోంది.

ఇక మావారి సంగతి. ఆయన కొట్టే మనిషి కాదు. ఆ మాట ఆయనే అందరికీ చెబుతారు. కంచం విసిరేస్తారు, కానీ గోడకేసి. మాట్లాడటం మానేస్తారు, కానీ తిండి మానరు. పెళ్ళయిన కొత్తలో ఆయన బండి సందు మలుపు తిరిగిందంటే నా గుండె ఎగిరిపడేది. జడ సవరించుకుని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. ఏళ్ళు గడిచినా అదే బండి, అదే మలుపు, అలాగే ఎగిరిపడేది గుండె. జడకు బదులు గదిలో కుర్చీలు సవరించేదాన్ని, పిల్ల నవ్వుతుంటే నోరు మూసేదాన్ని. ప్రేమ ఏ రోజు భయమైందో నాకు తెలియలేదు, రెంటికీ దడ ఒకటే కదా. ఆ గుండెకైనా తెలిసుండాలి. దాన్ని తీసుకుపోయారు, ఇక అడగడానికి లేదు.

కొత్తది వచ్చాక ఆయన బండి చప్పుడుకు చెమటలు పట్టేవి, మెడ బిగుసుకునేది, గుండె నిబ్బరంగా కొట్టుకునేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు దానిమీద గౌరవం కలిగింది. ఆ అమ్మాయి ఎవరోగాని, ఆయన్ను చూసి ఎన్నడూ భయపడలేదు.

మొన్న వార్షిక పరీక్షలకు వెళ్ళాం. ఆయన బండి పెట్టడానికి ఆగిపోయారు, నేను లోపలికి వెళ్ళాను. నన్ను మొదటినుంచీ చూస్తున్న డాక్టరమ్మ వైర్లు అతికించి, తెరమీద గీతలు పరుగెడుతుంటే నావైపు తిప్పింది. "ఇవాళ మీకొకటి చూపించనా? ఇవి మీ కొత్త గుండెవి, ఈ పెద్ద గీతలు. మధ్యమధ్య ఈ చిన్న బుడిపెలు చూశారా, వీటి దారి వేరు. ఇవి మీ పాత గుండెవి."

అర్థం కాలేదు. పాతదంతా తీసేశారుగా అన్నాను. "అంతా తీయలేదండీ. మీకు చేసిన పద్ధతిలో పై గది వెనక గోడ కొంచెం ఉంచేసి, కొత్తదాన్ని దానికి కుడతారు. గుండెకు కరెంటు పుట్టే చోటు ఆ గోడలోనే ఉండిపోయింది. దాని నరాలు తెగలేదు. అది ఇప్పటికీ మీ మెదడు మాట వింటూ కొట్టుకుంటోంది. కాకపోతే దాని కరెంటు కుట్టు దాటి ఇటు రాదు. పని చేసేది కొత్తదే."

పోయిందనుకుని లోలోపల ఏడ్చుకున్నది, కొంచెమైనా, ఇక్కడే ఉంది. అయితే మా అమ్మాయి వాటేసుకున్న రోజున కూడా ఇది ఎగిరే ఉంటుంది. పిల్ల చెవికి అందినది వేరేదాని చప్పుడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులనిండా వైర్లు.

తలుపు తోసుకుని ఆయన వచ్చారు. "ఇంకా ఎంతసేపు? నాకు ఆఫీసుంది" అన్నారు, మామూలు గొంతుతోనే. డాక్టరమ్మ ఆయన్ను చూడలేదు, తెరను చూస్తోంది. నేనూ చూశాను. చిన్న బుడిపెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగు అందుకున్నాయి. పెద్ద గీతలు మాత్రం ఇందాకటి నడకే నడుస్తున్నాయి. "మీరు కాసేపు బయట కూర్చోండి" అందామె. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి తలుపు వేశారు. బుడిపెలు మళ్ళీ దూరదూరమయ్యాయి, నెమ్మదించాయి.

"ఇంట్లో అంతా బాగానే ఉందా?" అంది. "బాగానే ఉందండీ" అన్నాను. ఇన్నేళ్ళుగా అదే జవాబు, నాలుక దానంతటదే తిరుగుతుంది. నేనే అడిగాను, ఇది ఎప్పటికీ కుట్టు దాటదా అని. "కరెంటు దాటదు. కానీ కొందరికి ఏళ్ళు గడిచేకొద్దీ నరాలు మెల్లగా కుట్టు దాటి కొత్త గుండెలోకి పెరుగుతాయి. అందరికీ కాదు. మీకు ఆ గుర్తులు కనిపిస్తున్నాయి, మీరు నడిస్తే కొత్త గుండె పోయినేడుకన్నా త్వరగా వేగం అందుకుంటోంది. మంచిదేనండీ, మెట్లెక్కడం తేలికవుతుంది."

వైర్లు తీశాక ఆయన్ను పిలిచి అదే చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అబద్ధం ఎందుకు, నిజంగానే సంతోషించారు. నా ఆపరేషన్ జరిగినంతసేపూ వరండాలో నిలబడే ఉన్న మనిషి, నేను కళ్ళు తెరిస్తే చిన్నపిల్లాడిలా ఏడ్చిన మనిషి. నా భుజంమీద చెయ్యి వేసి, "అంటే మళ్ళీ మునుపటిలా అవుతుందన్నమాట" అన్నారు.

మునుపటిలా. ఆ మాట పట్టుకుని వరండాలో ఆయన వెనకే నడిచాను. నరం దారం పోగంత సన్ననిది, కుట్టు దాటి వస్తోంది. వచ్చి, గుండె ఇచ్చిన ఈ అమ్మాయికి ఏం చెబుతుంది? మా ఇంట్లో ఉంటే చెప్పడానికి ఇంకేముంది, బండి మలుపు తిరిగిందని చెబుతుంది. కుర్చీలు సర్దమంటుంది. ఈసారి నేర్చుకుంటే ఇక మార్చడానికి మూడో గుండె లేదు. ఉన్నా, ఇంకో తల్లి బిడ్డ పోతే తప్ప రాదు.

మెట్ల దగ్గర ఆగాను. "ఏమండీ, మీరు ఆఫీసుకు వెళ్ళండి. నేను అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను."

"ఇప్పుడా? ఎప్పుడొస్తావు?"

"రావడానికి కాదండీ. ఉండటానికి."

ఆయన అటూ ఇటూ చూశారు, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత నాకు మాత్రమే తెలిసిన గొంతుతో, పళ్ళ మధ్యనుంచి అన్నారు. "కొత్త గుండె పెట్టించి బతికించుకుంది ఇందుకా?"

"మీరే బతికించారు" అన్నాను. ఆ ఋణం కాదనను. ఆయన్ను వదిలి వెళ్తున్నందుకు ఏడుపు కూడా వచ్చింది, పెళ్ళినాటి దడ ఇంకా ఎక్కడో మిగిలే ఉంది కాబోలు. మెట్లు దిగే ముందు, వచ్చేపోయే జనం చూస్తుండగా, అక్కడే నిలబడి కాళ్ళు ఆడించాను. ఆయన నా పేరు పెట్టి గట్టిగా కేకేశారు. లోపల పాతది గిలగిల్లాడే ఉంటుంది.

కొత్తదానికి ఆయనెవరో ఇంకా తెలియదు. దాన్ని తీసుకుని మెట్లు దిగాను.